కాలర్ లోపలి ఎర్ర కుట్టు

ఆ శనివారం ఉదయం ప్రూఫ్‌రీడరు చేయవలసిన పనులు రెండే. పది గంటలలోపు ఫుట్‌బాల్ క్లబ్బు కరపత్రాన్ని అచ్చుకి ఇవ్వడం, తిరిగి వస్తూ వంటింటి కుళాయికి వాషరు కొనుక్కురావడం. రెండింటిలోనూ కష్టమైనది రెండోదేనని ఆయన భార్య అభిప్రాయం. మూడు వారాలుగా అది జరగలేదు మరి.

"ఏవండీ, ఈసారైనా గుర్తుంటుందా?"

"కాగితం మీద రాసి పెట్టుకున్నాను."

"ఆ కాగితం ఎక్కడ పెట్టారో అది కూడా రాసి పెట్టుకోండి."

ఊళ్లో ఆయన్ని అందరూ అచ్చుతప్పు గారు అంటారు. ముప్పై ఏళ్లుగా ప్రెస్సులో ప్రూఫులు దిద్దుతున్న మనిషి. దుకాణాల బోర్డులు, మందుసీసాల చీటీలు, బస్సు టికెట్లు, ఏది కనిపించినా ముందు తప్పులు వెతుకుతాడు. ఆస్పత్రి గోడమీద 'నిశ్శబ్దం' అన్న మాటలో ఒక ఒత్తు తక్కువైందని వార్డు మధ్యలో నిలబడి కేకలు వేస్తే, నర్సు చెయ్యిపట్టుకుని బయట దిగబెట్టింది. అబద్ధమన్నా ఆయనకి అచ్చుతప్పుతో సమానమే. కనిపిస్తే ఎర్రసిరా తీయకుండా ఉండలేడు.

క్లబ్బు ఆడే ప్రతి మ్యాచ్‌కీ ఒక పేజీ కరపత్రం వేయడం ఆయన వంతు. అందులో కింద నాలుగు లైన్లు 'మీకు తెలుసా?' శీర్షిక. జట్ల చొక్కాల వెనకున్న కథలంటే ఆయనకి ప్రాణం. ఇటలీలోని యువెంటస్ వాళ్లు మొదట్లో గులాబీరంగు చొక్కాలు వేసుకునేవాళ్లనీ, అవి వెలిసిపోతే ఇంగ్లండు నుంచి కొత్తవి తెప్పించుకోగా నలుపు తెలుపు చారలవి వచ్చాయనీ, చివరికి ఆ చారలే వాళ్ల గుర్తయ్యాయనీ రాశాడు. బ్రెజిల్ వాళ్లు సొంతగడ్డ మీద తెల్లచొక్కాలతో ప్రపంచకప్పు పోగొట్టుకుని, ఆ తెలుపు మనకొద్దని పత్రికలో పోటీ పెట్టి పసుపుని ఎంచుకున్నారని రాశాడు. బోకా జూనియర్స్ వాళ్లు రేవులోకి వచ్చే ఓడ జెండా రంగులే తమవని తీర్మానించుకుంటే స్వీడన్ ఓడ వచ్చిందన్న సంగతి మాత్రం 'అని చెప్పుకుంటారు' అని ముగించాడు. రెండు పుస్తకాల్లో కనిపించనిదే దేన్నీ నిజమని రాసే అలవాటు ఆయనకి లేదు.

ఇవన్నీ ఒక లావుపాటి నోటుపుస్తకంలో రాసిపెట్టుకున్నాడు. ఆ శనివారం తెల్లవారేసరికి నోటుపుస్తకం వంటింటి గట్టు మీద, కారుతున్న కుళాయి కింద, నిండి పొర్లిన గిన్నె పక్కన ఉంది. సిరా అంతా కలిసిపోయి ప్రపంచంలోని క్లబ్బులన్నీ ఒకే నీలిరంగు జట్టయిపోయాయి.

"వాషరు," అంది భార్య.

ప్రెస్సుకి వెళ్లేసరికి మరో కబురు. జట్టు కెప్టెన్‌తో మాటామాటా వచ్చి చెప్పుల దుకాణంవాడు తన ప్రకటన వెనక్కి తీసుకున్నాడు. పేజీ అడుగున మొత్తం ఎనిమిది లైన్ల ఖాళీ. ప్రకటన చోటులో జట్టు పేర్లను కాస్త పెద్ద అక్షరాల్లోకి సాగదీశారు. ఇంకా నాలుగు మిగిలాయి.

"ఏదో ఒకటి చెప్పండి గురువుగారూ, మెషీను ఎదురుచూస్తోంది," అన్నాడు ప్రెస్సు యజమాని. "పువ్వు బొమ్మ పెట్టేయనా?"

"ఫుట్‌బాల్ కాగితంలో పువ్వేమిటయ్యా?"

"పోనీ రెండు పువ్వులు పెడతాను."

అచ్చుతప్పు గారు కిటికీలోంచి బయటికి చూశాడు. వీధికి అవతల కుట్టుదుకాణం. దాని ముందు తాడుమీద క్లబ్బు జెర్సీలు ఆరుతున్నాయి. క్లబ్బు పుట్టినప్పటి నుంచీ ఆ ఆకుపచ్చ జెర్సీలు కుట్టినవాడు ఆ దుకాణం దర్జీ. ఈయనకి సొంత అన్న కంటే ఎక్కువ. పోయి ఏడాదయింది. ఇప్పుడు ఆయన భార్య ఒక్కతే దుకాణం నడుపుతోంది. జట్టుకి కుట్టడం, ఉతకడం, చిరిగినవి బాగుచేయడం అన్నీ ఆమే. ఆ పని కూడా ఎన్నాళ్లో ఉండేలా లేదు. హార్డ్‌వేర్ దుకాణం నడిపే క్లబ్బు ప్రెసిడెంటు, బయట కంపెనీ నుంచి రెడీమేడ్ జెర్సీలు తెప్పిద్దామని చూస్తున్నాడు. గురువారం సంతకం పెట్టబోతున్నాడు.

ఆ పని చేజారకముందే అన్న గురించి ఒక మంచిమాట అచ్చులో ఉంటే బాగుండుననిపించింది అచ్చుతప్పు గారికి. సరిగ్గా అప్పుడే గాలి వీచి, తాడు చివరన వేలాడుతున్న పద్నాలుగో నంబరు జెర్సీ కాలర్ వెనక్కి తిరిగింది. లోపల, మెడ వెనక, రెండు అంగుళాల మేర ఎర్రదారంతో వేసిన కుట్టు కనిపించింది.

ఆయన కలం తీశాడు. 'మీకు తెలుసా? మన జెర్సీ కాలర్ లోపల ఒక ఎర్ర కుట్టు ఉంటుంది. జట్టుకి ఓటమి దిష్టి తగలకుండా దర్జీ అన్న స్వయంగా వేసిన కుట్టు అది. దాన్ని బొటనవేలితో తాకి మైదానంలోకి దిగడం మన ఆనవాయితీ.'

నాలుగు లైన్లు సరిగ్గా సరిపోయాయి. జీవితంలో మొదటి అబద్ధానికి ఒక్క అక్షరదోషం కూడా లేదు. వాషరు సంగతి మాత్రం మరిచిపోయాడు.

*

ఆదివారం మ్యాచ్ అవతలి ఒడ్డు జట్టుతో. మధ్యలో ఒక నది, రెండు ఒడ్లలో రెండు క్లబ్బులు, వాళ్లవి ఎర్ర జెర్సీలు, వీళ్లవి ఆకుపచ్చవి. ముప్పై ఏళ్ల వైరం. ఇవతలివాళ్లు పెరట్లో టమాటాలు వేసినా పచ్చిగా ఉన్నప్పుడే కోసేస్తారు. వాళ్లను ఓడించి వీళ్లకి తొమ్మిదేళ్లయింది.

మ్యాచ్‌కి అరగంట ముందు కరపత్రం డ్రెస్సింగ్ రూమ్‌లోకి వచ్చింది. పదకొండుమంది పదకొండు కాలర్లు తిరగేసి చూశారు. ఎవరికీ ఎర్ర కుట్టు లేదు. అందరూ మెల్లగా మూల బెంచీ వైపు తిరిగారు.

అక్కడ పద్నాలుగో నంబరు కూర్చుని స్వెటరు అల్లుకుంటున్నాడు. ఆయన పోస్టాఫీసులో గుమస్తా. లావుపాటి మనిషి, నెమ్మదస్తుడు. ఆరేళ్లుగా జట్టులో ఉన్నాడు కానీ మైదానంలోకి ఒక్కసారీ దిగలేదు. ఆయనకి ముందు ఆ నంబరు వేసుకున్నవాళ్లూ దిగలేదు. అందుకే మిగతా జెర్సీలన్నీ చిరిగి కొత్తవి వచ్చినా, పద్నాలుగో నంబరు మాత్రం క్లబ్బు పుట్టిననాటిదే ఇంకా నడుస్తోంది.

"ఏదీ, ఒకసారి మెడ వంచు," అన్నాడు కెప్టెన్.

వంచాడు. కుట్టు ఉంది.

"విప్పి ఇటివ్వు."

"ఎందుకివ్వాలి?" అన్నాడు పద్నాలుగో నంబరు, సూదులు పక్కన పెట్టి. "ఆరేళ్లుగా దీంట్లో కూర్చున్నాను. చలిలో కూర్చున్నాను, వానలో కూర్చున్నాను. అప్పుడెవరైనా అడిగారా?"

"నువ్వెలాగూ ఆడవు కదయ్యా!"

"ఆడనంతమాత్రాన చొక్కా లేకుండా తిరగాలా?"

జెర్సీ విప్పలేదు. చివరికి పదకొండుమందీ వరసకట్టి ఆయన మెడ తాకి మైదానంలోకి వెళ్లారు. గోల్‌కీపరు రెండుసార్లు తాకాడు. అయినా ఎనభై నిమిషాలదాకా గోల్ లేదు. ఈలోపు కరపత్రం చదివిన జనం "కుట్టు! కుట్టు!" అని అరవడం మొదలుపెట్టారు. ప్రెసిడెంటు కూడా లేచి నిలబడి అరిచాడు. కోచ్‌కి దిక్కుతోచక పద్నాలుగో నంబరు భుజం తట్టాడు.

ఆయన పరుగెత్తుకుంటూ వెళ్లి, సగం దారిలో ఆగి, కోచ్ వైపు తిరిగి, "ఎక్కడ నిలబడమంటారు?" అని అడిగాడు. జవాబు వచ్చేలోపే వెనకనుంచి కెప్టెన్ తన్నిన బంతి వచ్చి సరిగ్గా ఆయన మెడకి తగిలి, దిశ మార్చుకుని గోల్‌లోకి వెళ్లింది.

ఆ తర్వాత ఐదు నిమిషాలపాటు ఎవరు ఎవరిని కౌగిలించుకున్నారో ఎవరికీ తెలియలేదు. గ్యాలరీలో అచ్చుతప్పు గారు మాత్రం కరపత్రాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో లోపలికి తోసేశాడు.

*

సోమవారం ఉదయం కుట్టుదుకాణం ముందు వరస వీధి మలుపు దాటింది. ఆటగాళ్లు, బస్సు డ్రైవర్లు, పరీక్షలున్న ఆడపిల్లలు, ఇంటర్వ్యూకి వెళ్లే నిరుద్యోగులు, అందరి చేతుల్లోనూ చొక్కాలు. అందరికీ కాలర్లో ఎర్ర కుట్టు కావాలి. ఒకావిడ తన భర్త చొక్కాలు ఏడు తెచ్చింది.

"ఆయన కూడా ఆడతారా అమ్మా?" అని వెనకనున్నవాడు అడిగాడు.

"లేదు నాయనా. నా మాట వింటాడేమోనని."

అచ్చుతప్పు గారు తల వంచుకుని ప్రెస్సులోకి జారుకోబోతుంటే, దుకాణం లోపలినుంచి "ఏమయ్యా, ఒకసారి ఇలా రా," అని వినిపించింది.

దర్జీ భార్య మిషను దగ్గర కూర్చుని ఉంది. ఎదురుగా రెండో మిషను, గుడ్డ కప్పి. ఆ రెండు మిషన్ల మధ్య ముప్పై ఏళ్లు ఆ దంపతులు ఎదురెదురుగా కూర్చుని కుట్టారు. ఆమె చేతిలో కరపత్రం ఉంది.

"మీ అన్నయ్య ఈ సంగతి నీకెప్పుడు చెప్పాడు?"

నిజం చెప్పేయడానికి అంతకంటే మంచి సమయం ఉండదు. నోరు తెరిచాడు కూడా. కానీ గుమ్మం దగ్గర నలభైమంది చెవులు రిక్కించి ఉన్నారు.

"ఎప్పుడో వదినా... ఒకసారి టీ తాగుతూ."

"ఎరుపు అనే అన్నాడా? ఎర్ర దారం అని?"

"అవును వదినా. ఎరుపనే."

ఆమె కరపత్రం మడిచి సొరుగులో పెట్టి, సూదిలోకి దారం ఎక్కించబోయింది. మూడుసార్లు తప్పింది. ముప్పై ఏళ్లలో ఆమె చేతిలో దారం తప్పడం ఆయన చూడలేదు.

ఇంటికి వెళ్లి జరిగింది చెప్తే భార్య కుళాయి కింద నిండిన గిన్నె తీసి ఖాళీది పెట్టింది.

"అంత మాట భర్త మీకు చెప్పి తనకి చెప్పలేదనుకుంటుంది కదండీ ఆవిడ. ముప్పై ఏళ్లు ఎదురుగా కూర్చున్న మనిషి!"

"అదే నన్ను తినేస్తోంది."

"రేపే వెళ్లి చెప్పేయండి. వస్తూ వాషరు కూడా..."

"వాషరు దొరికేది ప్రెసిడెంటు కొట్లోనే. ఆయన మొహం ఎలా చూడను?"

ప్రెసిడెంటే వెతుక్కుంటూ మంగళవారం ప్రెస్సుకి వచ్చాడు. మొహం వెలిగిపోతోంది.

"అచ్చుతప్పు గారూ, మీకో శుభవార్త! కంపెనీవాళ్లతో మాట్లాడాను. కొత్త జెర్సీలన్నిటికీ కాలర్లో ఎర్ర కుట్టు బొమ్మ వాళ్లే అచ్చువేసి ఇస్తారట. ఇక కుట్టే పనే లేదు!"

"మరి వదిన?"

"ఆవిడకి మాత్రం ఇంకెన్నాళ్లు ఈ కష్టం? మ్యాచ్‌లకి పిలిచి ముందు వరసలో కూర్చోబెడదాం. అన్నట్టు, మీరు రేపు నాతో రావాలి." జేబులోంచి ఉత్తరం తీశాడు. "అవతలి ఒడ్డువాళ్లు లీగుకి ఫిర్యాదు చేశారు. కాలర్లో కుట్టు ఆనవాయితీ వాళ్లదట, మనం దొంగిలించామట. రుజువు చూపలేకపోతే మ్యాచ్ మళ్లీ ఆడాలట. రుజువంటే మీరే. రాసింది మీరే కదా!"

అన్న పేరు నిలబెడదామని రాసిన నాలుగు లైన్లు వదిన చేతిలోని పనిని పట్టుకుపోతున్నాయి. ముప్పై ఏళ్లలో ఎన్నో తప్పులు దిద్దాడు కానీ, అచ్చయి ఊరంతా పంచేసిన తప్పుని దిద్దే గుర్తు ఏ పుస్తకంలోనూ లేదు.

*

బుధవారం ఉదయం దుకాణం తెరవకముందే వెళ్లి తలుపు తట్టాడు.

"వదినా, అన్న ఆ కుట్టు గురించి నాతో ఏమీ చెప్పలేదు. నేనే కల్పించాను. పేజీలో నాలుగు లైన్లు ఖాళీ ఉన్నాయి. అన్న పేరు అచ్చులో చూద్దామనిపించింది. అంతే."

ఆమె కత్తెర కింద పెట్టింది.

"ఎరుపని కూడా చెప్పలేదా?"

"ఏ రంగూ చెప్పలేదు."

"టీ తాగుతూ?"

"టీ తాగినమాట నిజమే. చక్కెర తక్కువైందన్నాడు. అంతకుమించి ఏమీ అనలేదు."

ఆమె రెండు చేతులతో మొహం కప్పుకుంది. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తోందనుకుని అచ్చుతప్పు గారు మంచినీళ్ల కోసం వెతుక్కున్నాడు. చేతులు తీశాక చూస్తే నవ్వుతోంది. ఏడాదిలో ఆ దుకాణంలో వినిపించిన మొదటి నవ్వు అది. కప్పి ఉన్న మిషను వైపు చూసి, "చూశావా, నీకేం తెలీదు," అంది.

"నాకేం అర్థం కాలేదు వదినా."

"ఇవాళ లీగు ఆఫీసుకి అవతలి ఒడ్డువాళ్లు కూడా వస్తున్నారన్నారుగా? పద, నేనూ వస్తాను."

*

లీగు కార్యదర్శి పళ్ల డాక్టరు. లీగు ఆఫీసు ఆయన ఆస్పత్రి పైగదిలోనే. మెట్లెక్కి వస్తూనే మాస్కు గడ్డం కిందికి లాక్కుని, చేతిలోని చిన్న అద్దాన్ని బల్లమీద పెట్టాడు.

"తొందరగా తేల్చండి. కింద ఒకాయన నోరు తెరుచుకుని ఉన్నాడు."

అవతలి ఒడ్డు క్లబ్బు తరఫున దాని వ్యవస్థాపకుడైన పెద్దాయన వచ్చాడు. చేతికర్ర, తెల్లటి మీసాలు, చంకలో దుప్పట్లో చుట్టిన అద్దాల చట్రం. దుప్పటి విప్పితే, వాళ్ల క్లబ్బు పుట్టిన ఏడాది నాటి ఎర్ర జెర్సీ. కాలర్ లోపల రెండు అంగుళాల ఆకుపచ్చ కుట్టు.

"ప్రతి మ్యాచ్‌కి ముందు మా కెప్టెన్ ఈ కుట్టుకి ముద్దుపెట్టి వెళ్తాడు. ముప్పై ఏళ్ల ఆనవాయితీ! వీళ్లు రంగు తిప్పేసి కాజేశారు," అన్నాడు పెద్దాయన.

"మేమెందుకు కాజేస్తాం? మాదీ ముప్పై ఏళ్లదే. చెప్పండి అచ్చుతప్పు గారూ!" అన్నాడు ప్రెసిడెంటు.

అచ్చుతప్పు గారు లేచి నిలబడ్డాడు. "అయ్యా, నేను రాసింది..."

"నువ్వు కూర్చో," అంది దర్జీ భార్య. సంచిలోంచి పద్నాలుగో నంబరు జెర్సీ తీసి చట్రం పక్కన పెట్టింది. పెద్దాయన అనుమతి అడిగి చట్రం వెనక చెక్క తీయించింది. రెండు కాలర్లనూ కలిపి పట్టుకుని, ఒక కుట్టు మీద ఒక బొటనవేలు, ఇంకో కుట్టు మీద ఇంకో బొటనవేలు పెట్టి మెల్లగా జరిపింది.

"రెండూ ఆయన చేతివే. చివర ముడి ఎప్పుడూ ఎడమవైపుకే వేసేవాడు."

"ఒకే మనిషి రెండు జట్లకీ ఎందుకు వేశాడమ్మా?" అన్నాడు డాక్టరు.

ఆమె రెండు కాలర్లనూ బల్లమీద పరిచి చెప్పింది.

"మా ఆయనకి ఎరుపూ ఆకుపచ్చా ఒకేలా కనబడేవి. పుట్టుకతోనే అంతే. దర్జీకి రంగులు తెలీవంటే ఎవరు పని ఇస్తారు? అందుకే ఎవరికీ చెప్పలేదు. గుడ్డ నేనే కొనేదాన్ని, దారం నేనే తీసి ఇచ్చేదాన్ని. ఆ ఏడాది రెండు క్లబ్బులవాళ్లూ ఒకే వారంలో జెర్సీలు చెప్పారు. నేనే రాసుకున్నాను. గుడ్డ తెచ్చి బల్లమీద రెండు మూటలు పెట్టాను. అంతలో మా అమ్మ జారిపడి కాలు విరిగిందని కబురొచ్చింది. పరుగున వెళ్తూ, 'ఎడమ మూట మనవాళ్లది, కుడి మూట అవతలి ఒడ్డువాళ్లది' అని చెప్పి వెళ్లాను. రంగు పేరు చెప్తే ఆయనకి ఉపయోగం లేదు కదా."

"మరి?"

"నేను వెళ్లాక వెలుతురు చాలడం లేదని బల్ల కిటికీవైపుకి తిప్పుకున్నాడు. ఎడమ మూట కుడివైపుకి వచ్చింది."

కింద అసిస్టెంటు తిప్పిన పళ్ల యంత్రం చేసే గుయ్‌మనే చప్పుడు ఒకసారి వినిపించి ఆగింది.

"నాలుగు రోజులకి తిరిగి వచ్చేసరికి రెండు జట్లూ ఆ చొక్కాలతోనే మొదటి మ్యాచ్ ఆడేశాయి. కాలర్ల దగ్గర దారం అయిపోతే, ఇందులోది అందులోకి, అందులోది ఇందులోకి వేశాడు. మీరెవరూ వచ్చి అడగలేదు. నేనూ చెప్పలేదు. తెలిస్తే ఆయన మళ్లీ సూది పట్టేవాడు కాదు. పోయేదాకా తెలీదనే అనుకున్నాను. మొన్న ఈ కాగితంలో ఎర్ర కుట్టు ఆయనే కావాలని వేశాడని చదివాను. అది ఎరుపని తెలిసిందంటే ఎవరో చెప్పే ఉంటారు. అది చెప్పినవాళ్లు మిగతాది చెప్పకుండా ఉంటారా? ఇన్నేళ్లూ తెలిసి, నాకోసం తెలియనట్టు ఉన్నాడా అని మూడు రోజులు నిద్రపోలేదు." అచ్చుతప్పు గారివైపు చూసింది. "ఈయన చెప్పింది అబద్ధమట. నా ప్రాణం కుదుటపడింది."

పెద్దాయన చేతికర్ర మీద గడ్డం ఆనించాడు.

"మేం ఆకుపచ్చే చెప్పాం," అన్నాడు చివరికి, ఎవరి మొహమూ చూడకుండా. "ఎర్రవి వచ్చాయి. తెల్లారితే మ్యాచ్. అడిగితే చిన్నతనమని, ఎరుపు మా కుర్రాళ్ల పౌరుషానికి గుర్తని అప్పటికప్పుడు ఒక కథ అల్లాను."

ప్రెసిడెంటు మెడ తుడుచుకున్నాడు. "మా నాన్నగారి డైరీలో 'ఎర్ర జెర్సీలు పద్నాలుగు' అని ఉంది. క్లబ్బు పెట్టిన మనిషి క్లబ్బు రంగే తప్పు రాశాడేమిటా అని నవ్వుకునేవాళ్లం. ఆకుపచ్చ ఆయన ఆశయమని ఏటా ఉపన్యాసం ఇస్తున్నాను నేను."

"అయితే తేలిపోయింది," అన్నాడు డాక్టరు. "రంగులు మార్చుకోండి. మీ ఎరుపు మీరు తీసుకోండి, వాళ్ల ఆకుపచ్చ వాళ్లకిచ్చేయండి."

"కుదరదు!" అన్నారు ఇద్దరూ ఒకేసారి. ముప్పై ఏళ్లలో రెండు క్లబ్బులు ఒక మాట మీద నిలబడటం అదే మొదటిసారి.

"మా ఇంటి గేటు కూడా ఎరుపే," అన్నాడు పెద్దాయన.

"మా కొట్లో ఆకుపచ్చ రంగు డబ్బాలు తప్ప ఏం అమ్ముడవుతాయి?" అన్నాడు ప్రెసిడెంటు.

డాక్టరు గడియారం చూసుకుని లీగు పుస్తకంలో తీర్పు రాశాడు. రెండు క్లబ్బుల ఆనవాయితీలూ నిజమైనవే. రెండింటికీ మూలం ఒకే దుకాణం. ఇకముందు రెండు జట్ల జెర్సీలూ ఆ దుకాణంలోనే, ఎదుటి జట్టు రంగు దారంతో కాలర్ కుట్టు వేసి తయారవ్వాలి. ఆదివారం నాటి గోల్ చెల్లుతుంది. కంపెనీ కాగితం ప్రెసిడెంటు జేబులోనే సంతకం లేకుండా నాలుగు ముక్కలైంది.

"ఒక్కదాన్నే ఇరవై ఎనిమిది కుట్టాలా?" అంది ఆమె. కానీ మెట్లు దిగేటప్పుడు రెండో మిషనుకి నూనె పెట్టించాలని అంటూనే ఉంది.

వీధిలోకి వచ్చాక అచ్చుతప్పు గారు మెల్లగా అడిగాడు. "వదినా, నేను రాసిన తప్పుని దిద్దుకోవాలి. జరిగింది ఉన్నదున్నట్టు అచ్చువేయనా? నీకు ఇష్టం లేకపోతే వద్దు."

ఆమె నాలుగడుగులు వేశాక జవాబిచ్చింది.

"ఆయనకి తెలియకూడదనే కదా ఇన్నాళ్లూ దాచాను. ఇప్పుడిక ఎవరి దగ్గర దాచాలి? రాసుకో. ముడి ఎడమవైపుకి వేసేవాడని కూడా రాయి."

ప్రెసిడెంటు తన కొట్లోంచి వాషరు తెచ్చి స్వయంగా చేతిలో పెట్టాడు. ఇంటికి తెచ్చి బిగిస్తే కుళాయి చుక్క కూడా రాల్చలేదు. అలవాటైన చప్పుడు లేక ఆ మధ్యాహ్నం భార్యకి కునుకు పట్టలేదు.

తర్వాతి మ్యాచ్ కరపత్రంలో 'మీకు తెలుసా?' కింద రెండు మూటలు, తిరిగిన బల్ల, ఎడమవైపు ముడి, అంతా పదహారు లైన్లలో వచ్చింది. దానికి చోటు చాలక జట్టు పేర్లను చిన్న అక్షరాల్లోకి కుదించాల్సి వచ్చింది. ప్రతి వాక్యాన్నీ ఇద్దరు సాక్షుల దగ్గర సరిచూసుకుని మరీ వేశాడు.

సోమవారం పొద్దున్నే ముగ్గురు పాఠకులు ప్రెస్సుకి వచ్చి, ఇన్నాళ్లూ నిజాలు రాసిన మనిషి ఈ వయసులో కట్టుకథలకి దిగడం ఏమీ బాగాలేదని చెప్పి వెళ్లారు.